"తేడా క్యారెక్టర్ ఉంది, చేస్తావా?" అని ఫోనొస్తే

సినిమాల మీద ఆశతో కృష్ణానగర్‌లో, యూసఫ్‌గూడలో రూములు తీసుకుని ఉండే కుర్రాళ్లలో మనలాంటి వాళ్లు తక్కువేం కాదు. గే అని చెప్పుకునేవాళ్లు కొందరు, ఇంకా ఎవరికీ చెప్పుకోనివాళ్లు చాలామంది. అవకాశాల కోసం తిరిగే ప్రతివాడికీ ఉండే కష్టాలు వాళ్లకీ ఉంటాయి. దానికి తోడు ఇంకో తలనొప్పి. తెర మీద మనలాంటివాడు కనిపించాడంటే చాలు, హాలు నవ్వడానికి రెడీ అయిపోతుంది. ఆ నవ్వించే వేషానికి మనల్నే పిలుస్తారు. హీరో ఫ్రెండ్ వేషానికి మాత్రం "కుర్రాడు కొంచెం సాఫ్ట్‌గా ఉన్నాడమ్మా" అని ఫొటో పక్కన పెట్టేస్తారు.

నాది తెనాలి పక్కన పల్లెటూరు. పరిషత్తు నాటకాల్లో వేషాలు వేసి ఇక్కడికొచ్చా. ఎస్సైగా, బ్యాంక్ మేనేజర్‌గా, హీరోయిన్ బాబాయిగా నెట్టుకొస్తున్నా. నేను గే అని యూనిట్లలో కొందరికి తెలుసు, కొందరికి తెలీదు. ఇక్కడ పేరు పెట్టకపోవడానికి కారణం ఆ రెండో రకంవాళ్లే. కొత్తగా వచ్చిన తమ్ముళ్లకి ఫోన్లో చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నా.

ఫోన్లోనే తేల్చుకోవాల్సినవి

కో-డైరెక్టరో, మేనేజరో ఫోన్ చేస్తారు. "మంచి కామెడీ క్యారెక్టర్ తమ్ముడూ, కొంచెం తేడాగా ఉంటుంది, చేస్తావా?" వెంటనే సరే అనకు, కుదరదనీ అనకు. "చేద్దామన్నా, క్యారెక్టర్ పేరేంటి?" అని అడుగు.

అడగడానికి చిన్న ప్రశ్నే గానీ, ఇంతకంటే సన్న జల్లెడ నాకు దొరకలేదు. "పేరేముంది, తేడాగాడే" అన్నారంటే రాసినాయన ఆ మనిషి గురించి క్షణం కూడా ఆలోచించలేదని అర్థం. పేరుంటే సాధారణంగా ఒక ఉద్యోగమో, ఇల్లో, ఎక్కడికో వెళ్లే పనో ఉంటుంది. పనుంటే నటించడానికి నీకేదో ఒకటి దొరుకుతుంది. ఆ తర్వాత కాంబినేషన్ ఎవరితో, అంటే సీన్లు ఎవరి పక్కన, ఎన్ని కాల్షీట్లు, అంటే ఎన్ని రోజుల షూటింగ్, కథ చివర్లో ఈ మనిషి ఏమవుతాడు, ఇవి అడుగు. హిందీలో ఒక వెబ్ సిరీస్‌లో పెళ్లిళ్ల ప్లానర్‌గా గే పాత్ర వేసిన అర్జున్ మాథుర్ 2020లో ఇంటర్నేషనల్ ఎమ్మీకి నామినేట్ అయ్యాడు. ఆ పాత్రకి వ్యాపారం ఉంది, అప్పులున్నాయి, ఇంటి ఓనరుతో గొడవలున్నాయి. మనకి ఆ స్థాయి వేషం రేపే రాకపోవచ్చు. కానీ అడగాల్సిన ప్రశ్నలు మాత్రం అవే.

మరి పేరు లేని వేషమైతే చెయ్యకూడదా? రూమ్ రెంట్ కట్టాల్సిన నెలలో వచ్చిన వేషాన్ని వదులుకోమని నీతులు చెప్పేవాళ్లు ఆ రెంట్ కట్టరు కాబట్టి, నేనలా చెప్పను. నేను గీసుకున్న గీత ఒకటే. నడక మీద జోకుంటే కూర్చుని మాట్లాడదాం. పక్కవాడి మీద చెయ్యేసే వేషం మాత్రం ఎంతిచ్చినా చెయ్యను. "వీళ్లు ఎక్కడ దొరికితే అక్కడ మీద పడతారు" అనేది మన మీద ఉన్న అపోహలన్నిటిలోకీ ప్రమాదకరమైంది. హాస్టళ్లలో పిల్లల్ని కొట్టేది ఆ భయంతోనే.

సీన్ తిప్పడం ఎలా

అలవాటైన బస్సు సీన్ తీసుకో. హీరో ఫ్రెండ్ నైట్ బస్సులో నిద్రపోతుంటాడు. పక్క సీట్లో పూల చొక్కా, లిప్‌స్టిక్ వేసుకున్నవాడు మెల్లగా తొడ మీద చెయ్యేస్తాడు. ఫ్రెండ్ ఉలిక్కిపడి లేస్తాడు. వీడు కన్ను కొడతాడు. టొయ్‌య్‌మని ఒక సౌండు. అంతే, సీనైపోయింది. ఇందులో నువ్వు నటించడానికి ఏమీ లేదు. చొక్కాకి ఎంత పనుందో నీకూ అంతే.

ఇప్పుడు ఆ పక్క సీటువాడికి ఒక పని ఇవ్వు. పేరు ప్రసాద్, టైలరు. పెళ్లివారి బట్టలు తీసుకెళ్తున్నాడు, ఒళ్లో మూట ఉంది. ఫ్రెండ్ ప్యాంటు కుట్టు విడిపోయి ఉంది. టైలర్ కదా, చూసి తట్టుకోలేకపోతున్నాడు. ఫ్రెండుకి మెలకువొచ్చి చూస్తే పక్కనున్న పూల చొక్కా మనిషి తన ప్యాంటు వైపే దిగులుగా చూస్తున్నాడు. కంగారు పడి బ్యాగు ఒళ్లో పెట్టుకుంటాడు, దుప్పటి చుట్టుకుంటాడు, ఆఖరికి లేచి డ్రైవర్ దగ్గరికెళ్లి నించుంటాడు. అప్పుడు ప్రసాద్ బస్సంతా వినపడేలా, "బాబూ, వెనకాల మొత్తం చిరిగిపోయింది, అందరికీ కనపడుతోంది, ఇటు రండి, సూదీ దారం ఉన్నాయి" అంటాడు.

హాలు ఇప్పుడూ నవ్వుతుంది. నవ్వేది భయపడ్డవాణ్ని చూసి. పూల చొక్కా తియ్యాల్సిన పని కూడా లేదు. ప్రసాద్‌ని మామూలు మగాడిగా మార్చెయ్యాల్సిన పని అసలే లేదు. కావాలంటే ఊరొచ్చాక స్టాండులో అతని కోసం స్కూటర్ మీద ఎదురుచూసే మనిషిని పెట్టొచ్చు. ఎవరో ఏంటో చెప్పక్కర్లేదు, తెలిసినవాళ్లకి తెలుస్తుంది.

దీన్ని యూనిట్ ముందుకి ఎలా తీసుకెళ్లాలన్నదే అసలు విద్య. లైటింగ్ అయిపోయి, హీరో క్యారవాన్ దిగి, అందరూ నించున్నాక "సార్, ఈ సీన్ నాకు ఇబ్బందిగా ఉంది" అన్నావో, నువ్వు చెప్పేది న్యాయమే అయినా ఎవరూ వినరు. ఆ టైములో డైరెక్టర్‌కి నీ మాట అడ్డంగా కనిపిస్తుంది తప్ప సలహాగా కనిపించదు. సీన్ పేపర్ అందిన రోజు రాత్రే కో-డైరెక్టర్‌కి గానీ, రైటర్‌కి గానీ ఫోన్ చెయ్యి. బాధ గురించి మాట్లాడకు, నవ్వు గురించి మాట్లాడు. "అన్నా, ఆ బస్సు సీన్‌కి ఒక ఐడియా వచ్చింది. ఉన్నదానికంటే ఇంకో నవ్వు ఎక్కువ పడుతుంది. అర పేజీ రాశాను, పంపనా?" పంపేది నిజంగా అర పేజీయే ఉండాలి. డైలాగులు చదివితే బాగుండాలి. సొంత మనోభావాల మీద పేరాలు పంపితే నీ నంబర్ పక్కన "టెన్షన్ పార్టీ" అని రాసుకుంటారు. ఇది న్యాయం కాదని నాకూ తెలుసు. కానీ పని జరిగేది ఇలాగే.

ఒప్పుకోకపోతే? చాలామంది సీనియర్లు "రాసింది రాసినట్టు ఒకటి, నీ పద్ధతిలో ఒకటి, రెండూ చెయ్యి, మానిటర్‌లో చూసి వాళ్లే ఉంచుకుంటారు" అని సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. షూట్ చేసిన ప్రతి టేకూ ఎడిటింగ్ టేబుల్ మీదికి వెళ్తుంది. నువ్వక్కడ ఉండవు. తెర మీద చూసుకుని తట్టుకోలేననుకున్న టేక్ అసలు ఇవ్వకు.

గొంతు నీదే ఉండాలి

ఇది కొత్తవాళ్లెవరికీ తట్టదు. మన సినిమాల్లో ఎక్కువ భాగం లొకేషన్ సౌండ్ వాడరు, తర్వాత డబ్బింగ్ చెప్పిస్తారు. సెట్లో నువ్వు ప్రసాద్‌ని ఎంత మర్యాదగా చేసినా, డబ్బింగ్‌లో ఇంకెవరితోనో ముక్కుతో, సాగదీస్తూ చెప్పించారంటే నీ కష్టమంతా బూడిదే. జనం గుర్తుపెట్టుకునేది ఆ గొంతునే, తిట్టుకునేది నీ మొహాన్ని.

అందుకని డేట్లు ఖాయమైన రోజే వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టు. "అన్నా, ఫలానా క్యారెక్టర్, ఇన్ని కాల్షీట్లు, రోజుకి ఇంత, డబ్బింగ్ నేనే చెప్తాను అని మాట్లాడుకున్నాం కదా, ఓకేనా?" అటునుంచి ఓకే అనో, బొటనవేలో వస్తుంది. చిన్న ఆర్టిస్టులకి అగ్రిమెంట్లు చేతికిచ్చేవాళ్లు తక్కువ. రేపు మాట తేడా వస్తే ఈ మెసేజే నీకు ఆధారం. సెట్లో పక్కవాళ్ల దగ్గర గొణుక్కోవడం కంటే ఇది చాలా నయం.

కాస్ట్యూమ్ విషయంలో డైరెక్టర్ కంటే ముందు కాస్ట్యూమర్‌తో స్నేహం చెయ్యి. గులాబీ రంగు చొక్కా ఆయన పెట్టెలో రెడీగా ఉంటుంది, ఎందుకంటే ఎప్పుడూ అదే అడుగుతారు. "అన్నా, టైలర్ కదా, మెళ్లో టేపు, చెవి మీద సుద్దముక్క పెడదామా" అంటే ఆయనకీ హుషారే. టేపు కనిపించినచోట లిప్‌స్టిక్ అవసరం దానంతటదే తగ్గిపోతుంది.

నడక గురించి

యాక్టింగ్ స్కూళ్లలో మనకి మొదటిరోజే చెప్పేది, "ఆ ఆడంగి నడక మానుకో" అని. చెప్పేవాడి నోరు మంచిది కాకపోయినా అందులో పనికొచ్చే ముక్క ఒకటుంది. నటుడికి ఏ నడకైనా అవసరాన్నిబట్టి వేసుకుని, అవసరం తీరాక తీసెయ్యడం రావాలి. ఎస్సై నడక నేర్చుకో. రైతు నడక నేర్చుకో. నీ సొంత నడకని మాత్రం రోగంలా చూడకు. అది కూడా నీ పెట్టెలో ఉండాల్సిన సరుకే.

ఎవరైనా మరీ ఎక్కువగా మాట్లాడితే స్థానం నరసింహారావు గారి పేరు చెప్పు. బాపట్లలో 1902లో పుట్టిన మనిషి, స్త్రీ వేషాలకే జీవితమంతా పెట్టి, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా తెర మీదుగా జడ వేసి సవాలు చేస్తుంటే జనం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. 1970లో ఆయనకీ పద్మశ్రీ వచ్చింది. వాళ్లు మనలాంటివాళ్లని నేననట్లేదు. స్త్రీ వేషం కట్టడం వేరు, గే కావడం వేరు, ట్రాన్స్‌జెండర్ కావడం వేరు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేది మన కామెడీ రైటర్లే. నేను చెప్పేది ఒకటే. మగవాడి ఒంట్లో వయ్యారం చూసి నవ్వడం తెలుగు ప్రేక్షకుడికి పుట్టుకతో వచ్చిన గుణం కాదు. టీవీ స్కిట్లలో లేడీ గెటప్ వెయ్యాల్సి వచ్చినా ఇది గుర్తుపెట్టుకో. అత్తగారి వేషమైతే అత్తగారిని ఆడు. "చూడండి, నేను మగాణ్ని, చీర కట్టుకున్నా" అని ప్రతి డైలాగుకీ గుర్తుచెయ్యకు.

షాటుకీ షాటుకీ మధ్య

"ఏంటి, పాయింట్ ఫైవ్ రాలేదా ఇంకా?" ఇలాంటివి వినిపిస్తాయి. అన్నవాడు ఎవడో చూడు. లైట్‌మన్ కుర్రాడు అన్నాడంటే చాలాసార్లు అది పైనున్న ఎవరి నోటినుంచో విన్నదే. వాడితో తగువు పెట్టుకుంటే యూనియన్ మొత్తం వాడి వెనక నిలబడుతుంది. పేరు పెట్టి పిలువు, భుజం మీద చెయ్యి వెయ్యకుండా, నవ్వకుండా, "శ్రీనూ, నా పేరు తెలుసుగా?" అను. ఆపై ఏమీ అనకు. నవ్వేశావంటే ఆ సినిమా పూర్తయ్యేదాకా నీ పేరు అదే.

పైవాడు అన్నాడంటే అందరి ముందూ జవాబివ్వకు. బ్రేక్‌లో కో-డైరెక్టర్‌ని పక్కకి పిలిచి, "అన్నా, సార్ అలా అంటుంటే నాకు డైలాగ్ మీద దృష్టి నిలవట్లేదు, టేకులు పెరుగుతున్నాయి" అను. టేకులు పెరగడమంటే నిర్మాతకి డబ్బు. ఆ భాష అందరికీ అర్థమవుతుంది.

ఒక్క పని మాత్రం చెయ్యకు. మన మీద పడే జోకుని పక్కకి మళ్లించడానికి సెట్‌కి వచ్చిన ట్రాన్స్ అమ్మాయి మీద జోకెయ్యకు. చప్పట్లు కొట్టే సీన్ కోసమే వాళ్లని పిలుస్తారు, చాలాచోట్ల బట్టలు మార్చుకోవడానికి గది కూడా చూపించరు. వీలైతే ఆ గది సంగతి నువ్వే ప్రొడక్షన్ మేనేజర్‌ని అడుగు.

"నీకేం, నువ్వు అదేగా"

ఇంకో అపోహ తెర వెనకది. గే కుర్రాడంటే ఎవరు రమ్మన్నా వస్తాడని కొందరు మేనేజర్ల లెక్క. "సార్‌కి నువ్వు బాగా నచ్చావు, రాత్రికి గెస్ట్‌హౌస్‌కి రా, స్టోరీ డిస్కషన్ ఉంది." కథ చెప్పుకోవడానికి ఆఫీసులున్నాయి, పగలుంది. "రేపు పొద్దున ఆఫీసుకి వస్తానన్నా" అని చెప్పి, రాత్రికి ఫోన్ సైలెంట్‌లో పెట్టు. ఆ వేషం పోతే పోయింది. అలా వచ్చే వేషాలు ఎలాగూ షూటింగ్ దాకా రావడం నేను పెద్దగా చూడలేదు.

చట్టం సంగతి ఉన్నదున్నట్టు చెప్తా, ఎందుకంటే ఇక్కడ చాలామంది తప్పు ధీమాతో ఉంటారు. పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం కింద ఫిర్యాదు చేసే హక్కు మహిళలకే ఉంది. లెస్బియన్ చెల్లెళ్లు దాన్ని వాడుకోవచ్చు, వాడుకోవాలి. మగవాళ్లకి అది లేదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాల్ని నేరంగా చూసిన ఐపీసీ 377 సెక్షన్‌ని ఇష్టపూర్వక సంబంధాల వరకూ కొట్టేసింది. ఆ కేసులో మొదటి పిటిషనర్ నవతేజ్ సింగ్ జోహర్ భరతనాట్యం కళాకారుడు, మన రంగంవాడే. బలవంతం చేసిన కేసుల్లో ఆ సెక్షన్ అప్పటికీ పనికొచ్చేది. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చాక అది కూడా పోయింది. పెద్దవయసు మగవాడి మీద జరిగే అత్యాచారానికి దానికంటూ సెక్షన్ ఇప్పుడు లేదు. కొట్టడం, నిర్బంధించడం, బెదిరించడం కింద పెట్టుకోవాలి. అందుకే ముందుజాగ్రత్త మీద ఇంతగా చెప్తున్నా. వెళ్లే చోటు, తిరిగొచ్చే టైము ఒక్క ఫ్రెండుకైనా లొకేషన్‌తో సహా పంపు.

బ్లాక్‌మెయిల్ విషయంలో మాత్రం చట్టం గట్టిగానే ఉంది. డేటింగ్ యాప్‌లో పరిచయమై, ఫొటోలు తీసుకుని, "నీ డైరెక్టర్‌కి పంపుతా, మీ నాన్నకి పంపుతా" అనేవాళ్లు ఉంటారు. మొహం కొంచెం తెలిసిన ఆర్టిస్టంటే వాళ్లకి మరీ మోజు. డబ్బు పంపకు. ఒకసారి పంపితే నెలనెలా అడుగుతారు. చాట్ డిలీట్ చెయ్యకుండా స్క్రీన్‌షాట్లు, ఫోన్ నంబర్, యూపీఐ ఐడీ దాచి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. డబ్బుకోసం బెదిరించడం న్యాయ సంహిత 308 సెక్షన్ కింద నేరం. అనుమతి లేకుండా రహస్యాంగాల ఫొటోలు తియ్యడం, పంచడం ఐటీ చట్టం 66ఈ కిందికొస్తుంది, మగా ఆడా తేడా లేదు. స్టేషన్‌లో "నువ్వు అలాంటోడివి, నీ మీదే కేసు పెడతాం" అంటే పైన చెప్పిన 2018 తీర్పు తేదీ చెప్పు. వెంట ఒక లాయర్‌ని తీసుకెళ్తే ఇంకా మంచిది.

చెప్పాలా, వద్దా

"పెళ్లెప్పుడు బాబూ?" అని సెట్లో టీ ఇచ్చేవాడి దగ్గర్నుంచి కెమెరామన్ దాకా అడుగుతారు. దానికి "చేసుకునే ఆలోచన లేదన్నా" చాలు. లేని మరదల్ని కథలో పెట్టకు. ఆమె పేరు నీకే గుర్తుండదు.

లోకానికంతా చెప్పడం వేరే లెక్క. బ్రిటిష్ నటుడు ఇయాన్ మెకెల్లెన్ తాను గే అని 1988లో బీబీసీ రేడియోలో చెప్పాక కూడా పెద్ద పెద్ద పాత్రలు చేశాడు. అమెరికన్ నటుడు నీల్ ప్యాట్రిక్ హారిస్ 2006లో చెప్పి, అమ్మాయిల వెంట తిరిగే పాత్రని టీవీలో ఏళ్ల తరబడి జనాన్ని ఒప్పిస్తూ చేశాడు. అదే ఇంకో బ్రిటిష్ నటుడు రూపర్ట్ ఎవరెట్‌ని అడిగితే, చెప్పడం వల్లే అవకాశాలు పోయాయంటాడు. మెకెల్లెన్‌కి వెనకాల బ్రిటిష్ రంగస్థలం ఉంది, అప్పటికే పేరుంది. మన దగ్గర, నాకు తెలిసి, పేరున్న హీరో ఎవరూ ఈ మాట చెప్పుకోలేదు. కాబట్టి దారి వేసినవాళ్లు ముందు లేరు.

నా సలహా ఏంటంటే, సినిమా కాక ఇంకో ఆదాయం చేతిలో లేనిదే కెమెరా ముందు చెప్పకు. డబ్బింగ్, ఈవెంట్ యాంకరింగ్, పిల్లలకి నాటకం నేర్పడం, ఏదైనా సరే. ఇంకోటి, ఇంట్లోవాళ్లకి యూట్యూబ్ థంబ్‌నెయిల్ ద్వారా తెలియనివ్వకు. చెప్పదలచుకుంటే ముందు నువ్వే వెళ్లి చెప్పు. వాళ్లు నిన్ను "మార్చేసే" డాక్టర్ దగ్గరికి లాక్కెళ్తామంటే, అలాంటి వైద్యం చెయ్యడం వృత్తిపరమైన తప్పిదమని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పిందని తెలుసుకో. నిద్రపట్టక, వేషాల్లేక, మాట్లాడేవాళ్లు లేక అల్లాడిపోయే రాత్రులుంటే 14416కి ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇక్కడ ఒంటరిగా ఉండకు. బంజారాహిల్స్‌లో లామకాన్ లాంటి చోట నాటకాలకీ, మీటింగులకీ పోతుంటే మనవాళ్లు వాళ్లంతట వాళ్లే తారసపడతారు.

షోరీల్

ఆ కామెడీ వేషం హిట్టయిందనుకో, వెంటనే అలాంటివే ఇంకా వస్తాయి. ఇక్కడే చాలామంది ఇరుక్కుపోతారు. షోరీల్‌లో, అంటే మేనేజర్లకి పంపడానికి నీ సీన్లు కలిపి చేసుకునే చిన్న వీడియోలో, దాన్ని మొదట పెట్టకు. మొదట సీరియస్ సీన్ ఒకటి పెట్టు. సినిమాలో లేకపోతే ఫ్రెండ్ ఫోన్‌తో తీయించుకో. తండ్రితో గొడవో, అప్పులవాడితో మాటలో, ఏదైనా. రెండోది ఖాకీ బట్టలదో, పల్లెటూరి వేషమో. ప్రసాద్‌ని మూడోదిగా పెట్టు, అది కూడా సూదీ దారం డైలాగుతోనే మొదలయ్యేలా కత్తిరించి. మొత్తం రెండు నిమిషాలు దాటనివ్వకు. మేనేజర్లు వాట్సాప్‌లోనే చూస్తారు, ఫైలు పెద్దదైతే డౌన్‌లోడ్ కూడా చెయ్యరు.